పన్నెండో మ్యాచ్

మెట్టుగూడలో మా ఇంట్లో వంటగది తలుపు వెనక 2023 క్యాలెండర్ ఇంకా వేలాడుతూనే ఉంది. తిథి, వర్జ్యం, రాహుకాలం అన్నీ ఉండే మామూలు తెలుగు క్యాలెండరే. మొదటి మూడు నెలల కాగితాల్లో కొన్ని గడుల మూలన ఎర్ర పెన్నుతో అంకెలుంటాయి. 90. 90. 81. 0. 22. 0. 38. చూసినవాళ్లు పాల లెక్క అనుకుంటారు. అవి నేను గ్రౌండ్‌లో ఉన్న నిమిషాలు. రాసింది మా నాన్న.

నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. ఫుట్‌బాల్ పిచ్చి ఆయనకి మా తాత నుంచి వచ్చింది. కోచ్ రహీం సాబ్ హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్ ఎత్తుకొచ్చిన కథ మా ఇంట్లో అన్నం తిన్నన్ని సార్లు విన్నాను. అమ్ముగూడ ఆటగాడు బలరాం కలకత్తా క్లబ్ ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లిన కథ అయితే, చిన్నప్పుడు బలరాం మాకు వరసకు ఏదో అవుతాడనే అనుకునేవాణ్ణి. నేను ప్రొఫెషనల్ క్లబ్‌లో సంతకం పెడుతున్నానంటే నాన్న సంతోషించాడు గానీ, కాంట్రాక్ట్ అనే మాట మాత్రం ఆయనకు మింగుడుపడలేదు. "అప్పట్ల కాంట్రాక్ట్ ఏంది? పోలీసుల కొలువిచ్చి ఆడిపిచ్చేటోళ్లు. బెంచి మీద కూసున్నా జీతం జీతమే" అనేవాడు.

2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీ గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచిన రాత్రి మా గల్లీలో టపాకాయలు కాల్చాం. ఆ జూలైలోనే నాకు పిలుపొచ్చింది. క్లబ్ మన రాష్ట్రంది కాదు, పేరు రాయను. అప్పటికి నాకు 24 ఏళ్లు, ఆడేది రైట్ బ్యాక్, అంటే కుడివైపు డిఫెండర్. అంతకు ముందు రెండేళ్లు ఇక్కడి లీగుల్లో, అప్పుడో ఇప్పుడో పిలిస్తే గెస్ట్ ప్లేయర్‌గా ఆడాను. నెలకి 65 వేలు అన్నారు. వాళ్లు పంపిన పీడీఎఫ్ 14 పేజీలు. దాన్ని సికింద్రాబాద్ స్టేషన్ ఎదుటి ఇరానీ హోటల్లో కూర్చుని ముగ్గురం చదివాం. నేను, నాన్న, అక్క మొగుడు.

బావ హైటెక్ సిటీలో ఒక కంపెనీ పర్చేజ్ డిపార్ట్‌మెంట్‌లో పని చేస్తాడు. వెండర్ల కాంట్రాక్టులు చదవడమే ఆయన ఉద్యోగం. ఫుట్‌బాల్ గురించి ఆయనకి తెలిసిందల్లా గోల్ పడితే అరవాలని. కానీ కాగితం చేతికిస్తే పులి. చాయ్ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఏడో పేజీ దగ్గర ఆగాడు. "ఇది ఏడాది కాంట్రాక్టు. మే 31తో అయిపోతుంది. ఇంకో ఏడాది పొడిగించాలా వద్దా అన్నది వాళ్లిష్టం అని రాశారు. నువ్వు బాగా ఆడినా వాళ్లిష్టమేనా?" అన్నాడు.

రెండు వారాలు మెయిళ్లు నడిచాయి. బావ పట్టుబట్టి సాధించిన క్లాజ్ ఇది: లీగ్‌లో కనీసం 45 నిమిషాల చొప్పున 12 మ్యాచ్‌లు ఆడితే కాంట్రాక్ట్ దానంతటదే ఇంకో ఏడాది పొడిగింపు, జీతం నెలకి లక్షా 10 వేలు. సీజన్‌కి 22 మ్యాచ్‌లు. అంటే సగం ఆడి, ఇంకొక్కటి ఆడితే చాలు. క్లబ్ వాళ్లు ఒప్పుకున్న రోజు బావ బిర్యానీ పార్సిల్ తెచ్చాడు. నాన్న కూడా మెత్తబడ్డాడు. "గట్ల రాసిచ్చినంక ఇంకేంది, కొలువు లెక్కనే" అన్నాడు. క్యాలెండర్ లెక్కకి ముహూర్తం ఆ రోజే పడింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ ఆగస్టు, సెప్టెంబర్లలో స్పెయిన్‌లో గ్రీజ్‌మన్ వ్యవహారం నడుస్తోంది. బార్సిలోనా నుంచి అట్లెటికో మాడ్రిడ్‌కి లోన్ మీద, అంటే కొన్నాళ్లకి అరువుగా వచ్చిన ఆటగాడు. పత్రికల్లో వచ్చిన లెక్క ప్రకారం, అతను అందుబాటులో ఉన్న మ్యాచ్‌లలో సగానికి మించి కనీసం 45 నిమిషాల చొప్పున ఆడితే, అట్లెటికో అతణ్ణి 40 మిలియన్ యూరోలు పెట్టి కొనాల్సిందే. అంతే, కోచ్ సిమియోనె అతణ్ణి గంట దాటాకే దింపడం మొదలుపెట్టాడు. ప్రపంచకప్ గెలిచినవాణ్ణి! దిగడం, గోల్ కొట్టడం, మళ్లీ వచ్చే వారం బెంచీ. ప్రీ సీజన్ క్యాంపులో రూమ్మేట్‌తో కలిసి ఫోన్‌లో ఈ వార్తలు చదివి పడీ పడీ నవ్వుకున్నాం. అక్టోబర్లో రెండు క్లబ్బులూ 20 మిలియన్ల దగ్గర బేరం కుదుర్చుకున్నాయని వచ్చింది. అప్పటి నుంచి అతను మామూలుగా మొదటి నిమిషం నుంచి ఆడాడు. మోకాలు బాగయింది అన్నట్టు బేరం బాగయింది అని రూమ్మేట్ జోకేశాడు. నా కాగితంలో ఉన్న అంకె కూడా 45 అని ఆ నవ్వులో నాకు తట్టనేలేదు.

సీజన్ నవంబర్లో మొదలైంది. మొదటి 13 మ్యాచ్‌ల గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. ఆడాను. బాగానే ఆడాను అనుకుంటాను. ఒక మ్యాచ్ ఎల్లో కార్డుల సస్పెన్షన్‌లో పోయింది, ఒకదాంట్లో 70వ నిమిషంలో దిగాను. మిగతా 11 లెక్కలోకి వచ్చాయి. జనవరి చివర్లో ఇంటికి ఫోన్ చేస్తే నాన్న "ఇంకొక్కటి" అన్నాడు, దీపావళి పటాసులు లెక్కపెట్టే పిల్లాడిలా.

పద్నాలుగో మ్యాచ్‌కి టీమ్ షీట్‌లో నా పేరు సబ్‌స్టిట్యూట్లలో ఉంది. నా చోట 19 ఏళ్ల కుర్రాడు. మంచి కాళ్లున్నవాడే, నాకేం కుళ్లు లేదు. ఒక మ్యాచ్ రెస్ట్ అనుకున్నాను. పదిహేనోదాంట్లో 68వ నిమిషంలో దింపారు. క్యాలెండర్లో 22. పదహారోదాంట్లో సున్నా. కోచ్‌ని అడిగితే "కుర్రాడు ఫామ్‌లో ఉన్నాడు, ఓపిక పట్టు" అన్నాడు, నా కళ్లలోకి చూడకుండా నా బూట్ల వైపు చూస్తూ.

పదిహేడో మ్యాచ్ మాత్రం ఇప్పటికీ నిద్రలో వస్తుంది.

31వ నిమిషం. కుర్రాడు బంతి వెనక పరిగెత్తుతూ తొడ వెనక పట్టుకుని ఆగిపోయాడు. హ్యామ్‌స్ట్రింగ్. బెంచి మీద ఉన్న రైట్ బ్యాక్‌ని నేనొక్కణ్ణే. ఎవరూ చెప్పకముందే లేచి షిన్ గార్డులు సాక్సుల్లోకి తోసుకుని, బిబ్ తీసేసి, లైన్ దగ్గరకి వెళ్లి నిలబడ్డాను. అసిస్టెంట్ కోచ్ నా జెర్సీ నంబర్ స్లిప్ మీద రాస్తున్నాడు. సగం రాశాడు. బెంచి చివర కూర్చునే టీమ్ మేనేజర్ లేచొచ్చి ఆయన చెవిలో ఏదో అన్నాడు. అసిస్టెంట్ పెన్ను ఆగింది. స్లిప్ చింపి జేబులో పెట్టుకుని, నావైపు చూడకుండా "కూర్చో" అన్నాడు. ఒక మిడ్‌ఫీల్డర్ని దింపి, ఎడమ కాలితో ఆడే సెంటర్ బ్యాక్‌ని కుడివైపుకి జరిపారు. వాడికి అక్కడ నిలబడటమే రాదు, పాపం. పది నిమిషాల్లో ఆ పక్క నుంచే గోల్ పడింది. హాఫ్ టైంలో నేను వార్మప్ చేస్తూనే ఉన్నాను. దిగితే అప్పుడు దింపాలి కదా. దింపలేదు. 52వ నిమిషంలో పిలిచారు. 90 లోంచి 52 తీసేస్తే 38.

మ్యాచ్ అయ్యాక బస్సులో కిట్ చూసుకునే అన్న నా పక్క సీట్లో కూర్చున్నాడు. ఒడిశా మనిషి, క్లబ్‌లో అందరికంటే పాతవాడు. బట్టల మూట కాళ్ల మధ్య పెట్టుకుని, "తేరా కిత్నా హువా?" అన్నాడు. ఏది అన్నాను. "పైంతాలీస్ వాలా." నలభై అయిదు నిమిషాల లెక్క. పదకొండు అన్నాను. తల ఊపి, కిటికీ వైపు తిరిగాడు. ఇంకేమీ అనలేదు.

మేం ఇంట్లో లెక్కపెడుతున్నాం గానీ, వాళ్లు కూడా లెక్కపెడుతుంటారని నాకు అంతవరకూ తోచలేదు. ఆ రాత్రి రూమ్‌లో కూర్చుని ఫోన్‌లో కాలిక్యులేటర్ తీశాను. లక్షా 10 వేలు ఇంటూ 12. 13 లక్షల 20 వేలు. ఇంకొక్క మ్యాచ్‌లో నన్ను 45 నిమిషాలు ఉంచితే క్లబ్ నెత్తిన పడే బరువు అది. ఆ కుర్రాడిది ఇంకో లెక్క. వాడికి మూడేళ్ల కాంట్రాక్ట్ ఉంది. వాడు ఆడితే నలుగురి కళ్లలో పడతాడు, పెద్ద క్లబ్ అడిగితే ట్రాన్స్‌ఫర్ ఫీజు వస్తుంది. నేను ఆడితే లాభం నాకే, మే 31 తర్వాత చేతులూపుకుంటూ పోతాను. ఎవరు ఆడాలో కోచ్ నిర్ణయిస్తాడని బయట అందరూ అనుకుంటారు. నిజమే, నిర్ణయిస్తాడు. కానీ ఎవరు ఆడితే ఎంత ఖర్చో లెక్క రాసిన కాగితం ముందే ఆయన టేబుల్ మీద ఉంటుంది. ఆయన కాంట్రాక్ట్ కూడా ఏడాదిదే మరి. నాకు ఆ మనిషి మీద ఇప్పటికీ పెద్ద కోపం లేదు.

పద్దెనిమిదో మ్యాచ్‌లో సున్నా. ఆ తర్వాత నాలుగు రోజులు గ్యాప్ దొరికితే హైదరాబాద్ వచ్చాను. బావకి విషయం చెప్పాను. ఆయన ముఖం చూడలేకపోయాను. తను గెలిచి తెచ్చిన క్లాజే నన్ను బెంచీ ఎక్కించిందని ఒప్పుకోవడానికి ఆయనకి పావుగంట పట్టింది. "మా ఆఫీసులో అయితే ఇలా..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. నాన్నకి చెప్పొద్దని ఇద్దరం అనుకున్నాం. ఆయనకి బీపీ.

మర్నాడు సికింద్రాబాద్ కోర్టు దగ్గర వకీలు అంకుల్ ఆఫీసుకి వెళ్లాం. నాన్న స్నేహితుడి తమ్ముడు. ఎక్కువగా అద్దె ఇళ్ల కేసులు చూస్తాడు. కానీ ఫిఫా రూల్స్ ప్రింట్ తీయించి, రాత్రంతా చదివి, పసుపు రంగు పెన్నుతో గీతలు గీసి పెట్టాడు. అది చూసి సగం ధైర్యం వచ్చింది.

ముందు నేను వాట్సాప్‌లో విన్న రూల్ గురించి అడిగాను. సీజన్‌లో క్లబ్ ఆడిన అధికారిక మ్యాచ్‌లలో 10 శాతం కంటే తక్కువ ఆడితే ఆటగాడు కాంట్రాక్ట్ తెంచుకోవచ్చు అంటారు కదా అని. రూల్ ఉన్నమాట నిజమే, పదిహేనో ఆర్టికల్. కానీ అది స్థిరపడిన ప్రొఫెషనల్‌కి, అదీ చివరి మ్యాచ్ తర్వాత 15 రోజుల లోపే వాడుకోవాలి. "నువ్వు ఇప్పటికే సగానికి పైగా ఆడావు బాబూ. నీ కష్టమే నీకు అడ్డం" అన్నాడు అంకుల్. రెండు నెలల జీతం బాకీ పడితే, 15 రోజుల గడువుతో నోటీసిచ్చి బయటికి రావచ్చు. నా జీతం ప్రతి నెలా ఠంచనుగా పడుతోంది. ఆ దారీ లేదు. కాంట్రాక్ట్ చివరి ఆరు నెలల్లో వేరే క్లబ్‌తో మాట్లాడుకోవచ్చు, అంటే నాకు డిసెంబర్ నుంచే ఆ హక్కు ఉంది. ఉంది గానీ, బెంచీ మీద కూర్చున్నవాడితో మాట్లాడేదెవరు?

"మరి ఆడించాలని ఎక్కడా రాసుండదా?" బావ అడిగాడు.

అంకుల్ కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టాడు. "జీతమివ్వాలి. రిజిస్టర్ చేయాలి. టీమ్‌తో కలిసి ప్రాక్టీస్ చేయనివ్వాలి. రిజిస్ట్రేషన్ తీసేసినా, ఒంటరిగా పరిగెత్తించి వేధించినా మనం గట్టిగా కొట్లాడొచ్చు. ఆడించి తీరాలని మాత్రం ఎక్కడా ఉండదు. పెళ్లి పత్రికలో భోజనాలు అని రాస్తారు గానీ, మీ విస్తట్లో లెగ్ పీస్ వేస్తాం అని రాయరు కదా."

ఇంత టెన్షన్‌లో కూడా నవ్వొచ్చింది. ఆ తర్వాత ఆయన పసుపు గీత గీసిన ఇంకో కాగితం తీశాడు. ఫిఫా ఉండేది స్విట్జర్లాండ్‌లో కాబట్టి, పైస్థాయి ఫుట్‌బాల్ తగాదాల్లో స్విస్ చట్టం కూడా చూస్తారట. అందులో 156వ ఆర్టికల్ ఉంది. ఒక షరతు నెరవేరకుండా ఒక పక్షం కావాలని, దురుద్దేశంతో అడ్డుపడితే, ఆ షరతు నెరవేరినట్టే లెక్క. నేను కుర్చీ అంచుకి జరిగాను. అంటే నా పన్నెండో మ్యాచ్ ఆడినట్టేనా?

"దురుద్దేశం అని నిరూపిస్తే" అన్నాడు అంకుల్. "కోచ్ వచ్చి కుర్రాడు బాగా ఆడుతున్నాడు, అందుకే ఆడించాను అంటాడు. నీ దగ్గర ఏముంది?"

నా దగ్గర జేబులోకి వెళ్లిన సగం స్లిప్ ఉంది. కిట్ అన్న అడిగిన ఒక్క ప్రశ్న ఉంది. వంటింటి తలుపు వెనక క్యాలెండర్ ఉంది. కేసు వేయాలంటే ముందు మన దేశపు ఫుట్‌బాల్ సమాఖ్య ఏఐఎఫ్ఎఫ్ ప్లేయర్ స్టేటస్ కమిటీ దగ్గరికి వెళ్లాలి, నెలలు పడుతుంది. గెలవచ్చు కూడా. ఈలోగా కొత్త సీజన్ మొదలైపోతుంది, క్లబ్ మీద కేసు వేసిన రైట్ బ్యాక్ అన్న పేరు నాకంటే ముందు అన్ని క్లబ్బులకీ చేరిపోతుంది.

గంటసేపు కూర్చుని ఇంగ్లీషులో ఒక మెయిల్ రాశాం. చాలా మర్యాదగా. ఏ ఏ మ్యాచ్‌లో ఎన్ని నిమిషాలు, రైట్ బ్యాక్‌కి గాయమైనా ఎందుకు దింపలేదు, అన్నీ. రెండు లైన్ల జవాబొచ్చింది. జట్టు ఎంపిక పూర్తిగా కోచ్ సాంకేతిక విచక్షణకు సంబంధించినది, శుభాకాంక్షలు. ఆ శుభాకాంక్షలు ఎందుకో ఇప్పటికీ అర్థం కాలేదు.

ఇలాంటిది నాకొక్కడికే జరిగిందని అనుకోను. ఫ్రెంచ్ ఆటగాడు రాబియో పారిస్ క్లబ్ పీఎస్‌జీలో కాంట్రాక్ట్ పొడిగించుకోనన్నందుకు 2018 డిసెంబర్ నుంచి సీజన్ అయ్యేదాకా ఒక్క మ్యాచ్ ఆడలేదు, తర్వాత జువెంటస్‌కి ఫ్రీగా వెళ్లిపోయాడు. అదే క్లబ్ 2023 వేసవిలో ఎంబాపేనే జపాన్ టూర్‌కి తీసుకెళ్లకుండా పక్కన పెట్టింది, మాట కుదిరాక ఆడించింది. వాళ్లకి ఏజెంట్లు, లాయర్ల దండు ఉంది. నాకు బావ, అద్దె కేసుల అంకుల్.

తిరిగి వెళ్లాక పంతొమ్మిదో మ్యాచ్‌లో 59వ నిమిషంలో దింపారు. 31. ఆ సాయంత్రం టీమ్ మేనేజర్ హోటల్ లాబీలో సోఫా మీద కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. మంచిగానే మాట్లాడాడు. మెయిల్ గురించి ఎత్తలేదు. ఫైల్లోంచి ఒకే ఒక్క పేజీ తీసి ముందు పెట్టాడు. ఏడో పేజీలోని ఆ క్లాజ్ ఇరువురి అంగీకారంతో రద్దు, కాంట్రాక్ట్ మే 31తో ముగుస్తుంది, ఇతర క్లబ్బులతో మాట్లాడుకోవడానికి క్లబ్‌కి అభ్యంతరం లేదు. ఆ చివరి లైన్ చూసి లోపల నవ్వుకున్నాను. నాకు డిసెంబర్ నుంచే ఉన్నదాన్ని నాకే బహుమతిగా ఇస్తున్నారు.

"ఇంకా మూడు మ్యాచ్‌లున్నాయి" అన్నాడు మేనేజర్. "నువ్వు ఆడాలని కోచ్‌కీ ఉంది."

వకీలు అంకుల్‌కి ఫోన్ చేస్తే సంతకం పెట్టొద్దన్నాడు. బావ చాలాసేపు మాట్లాడలేదు, చివరికి "నీ ఇష్టం రా, ఈసారి నేను చెప్పను" అన్నాడు. నేను ఒక్కటే ఆలోచించాను. కొత్త క్లబ్బులు అడిగేది వీడియోలు. ఫిబ్రవరి నుంచి నా దగ్గరున్న వీడియో అంతా కలిపితే ఒక్క మ్యాచ్ అంత. మూడు మ్యాచ్‌లు పూర్తిగా ఆడితే చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది. సంతకం పెట్టాను. మేనేజర్ పేజీ మీద స్టాంప్ వేసి, ఫోన్‌తో ఫొటో తీసుకుని, చాయ్ తాగలేదేం అని అడిగాడు.

నాలుగు రోజులకి ఇరవయ్యో మ్యాచ్. టీమ్ షీట్‌లో రెండో పేరు నాది. కుర్రాడి కాలు అప్పటికే బాగయింది, బెంచీ మీద ఉన్నాడు. మొదటి నిమిషం నుంచి చివరి విజిల్ దాకా ఆడాను. ఒక క్రాస్ నుంచి గోల్ కూడా వచ్చింది. మ్యాచ్ అయ్యాక కోచ్ వచ్చి భుజం తట్టాడు, ఈసారి కళ్లలోకి చూశాడు.

డ్రెస్సింగ్ రూమ్‌లో బూట్లు విప్పకముందే ఫోన్ మోగింది. నాన్న. ఆన్‌లైన్‌లో మొత్తం చూశాడట, గొంతు బొంగురుపోయి ఉంది. వెనక అమ్మ ఏదో అంటోంది, ప్రెషర్ కుక్కర్ విజిల్ వినిపిస్తోంది.

"90 రాసిన" అన్నాడు. "ఇగ పన్నెండు అయినయి గదరా?"

"అయినయి నాన్నా" అన్నాను.

"మరింకేంది! ఇంకో ఏడాది. మీ బావకు చెప్తున్న ఆగు, ఇయ్యాల బిర్యానీ నేను తెప్పిస్త" అని, నేను ఏదో అనేలోపే ఫోన్ పెట్టేశాడు.